ఆ తప్పు మాది కాదు

నా మొదటి కడుపు మూడో నెలలో పోయింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు, పెళ్లయి పది నెలలు. డెబ్బైల చివరి రోజులవి. తణుకులో మా అత్తవారిది బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆ పొద్దున పెరట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నదాన్ని, లేచి నిలబడేసరికి కాళ్ల వెంట వెచ్చగా జారింది. ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు బళ్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. వాటి సందుల్లోంచి మా అత్తగారు నన్ను రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మా ఆయన వెనకాలే సైకిలు మీద వచ్చారు.

ఆ డాక్టరు ఊళ్లో పెద్దాయన, అందరూ నమ్మే మనిషి. కడుపు శుభ్రం చేశాక నన్ను తెర వెనక మంచం మీద పడుకోబెట్టి, చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వెళ్లారు. అక్కడ మా అత్తగారు, మా ఆయన, వాళ్లతోపాటు వంతు కోసం కూర్చున్న నలుగురైదుగురు రోగులు ఉన్నారు.

“ఏమ్మా, వీళ్లిద్దర్నీ దూరంగా ఉంచలేదా? కుర్రాళ్లకి తెలియకపోతే పెద్దవాళ్లు చెప్పుకోవద్దా?” అన్నారాయన.

అంతే. ఆ మాట అని, తర్వాతి రోగిని పిలిచారు. నన్ను ఏమీ అడగలేదు. మా ఆయన్ని ఏమీ అడగలేదు. ఎందుకు పోయిందో ఆయనకీ తెలియదు, కానీ తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. చేతికి దొరికిన కారణం ఒకటి వసారాలో పడేసి వెళ్లిపోయారు. ఆయన మంచివారని ఇప్పటికీ మావాళ్లు అంటారు. జ్వరాలకీ విరేచనాలకీ మంచివారే కావచ్చు. తెర వెనక పడుకుని ఆ మాట విన్నది నేను, వాళ్లు కాదు.

ఇంటికొచ్చాక ఆ మాట మా అత్తగారి నోట్లో పెరిగింది. పలకరించడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ గొంతు తగ్గించి, నాకు వినపడేలాగే చెప్పేవారు.

“ఏం చెప్పమంటారండి, నెల తప్పిందని తెలిసీ ఓర్చుకోలేకపోయారు. డాక్టరు గారు మొహం మీదే అడిగేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.”

వచ్చినవాళ్లు నా వైపు ఒకసారి చూసేవారు. ఆ చూపులో జాలి పావు వంతు ఉంటే, మిగతాదంతా వేరే ఏదో ఉండేది. బిడ్డ పోయిన దుఃఖం ఒకటి నాకుందని, దాని గురించి కూడా నేను ఏడవాలని ఒక్కరికీ తట్టలేదు. సిగ్గుతో ఎండిపోయిన కళ్లతో కాఫీలు అందించేదాన్ని.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. నెల తప్పిందని తెలిశాక మేం కలిశాం. మేం ఇద్దరం ఒకరంటే ఒకరికి ఇష్టమైన భార్యాభర్తలం. “ఏం కాదు కదా?” అని ఆయన అడిగారు. “ఏమోనండి” అన్నాను. ఇంకెవర్ని అడగాలి? అడగడానికి ఒక్క మనిషి లేని ఇంట్లో, ఊళ్లో, అంతకంటే ఏం తెలుస్తుంది? అయినా ఆ రోజుల్లో మేం సంతోషంగా ఉన్నాం. ఆయన నా పొట్టకి చెవి ఆనించి, అప్పుడే ఏం వినపడుతుందని నేను నవ్వితే, “చింతపండు రేటు అడుగుతోంది” అనేవారు. ఆ నవ్వంతా ఒక్క పూటలో నేరమైపోయింది.

మా ఆయన మంచం కొట్టు పైనున్న గదిలోకి వెళ్లింది. ఖాళీ గోనె సంచుల మధ్య ఒక నవారు మంచం. అన్నానికి కిందకి వచ్చినా తల ఎత్తేవారు కాదు. పదిహేను రోజుల తర్వాత ద్వారకా తిరుమల వెళ్లి గుండుతో తిరిగొచ్చారు. మా అత్తగారి మొక్కేదో ఉందనుకున్నాను. ఆవిడ కూడా ఏమీ చెప్పలేదు.

ఎంత సిగ్గుతో ఉన్నా ఒక ఇంట్లో ఉన్న భార్యాభర్తలు ఎప్పటికీ విడివిడిగా ఉండలేరు. కొన్ని నెలలకి ఆయన గదిలోకి తిరిగొచ్చారు. అయితే పాత మనిషి కాదు. నవ్వు పోయింది. దొంగతనానికి వచ్చినవాడిలా ఉండేవారు. అలాగే మళ్లీ నెల తప్పింది.

నాలుగో రోజుకల్లా మా అత్తగారు నా పెట్టె సర్దించారు. మా పుట్టిల్లు మొగల్తూరు. మా నాన్నగారికి అక్కడ చిన్న కిరాణా కొట్టు ఉండేది. మా అమ్మకి నన్ను అప్పజెబుతూ మా అత్తగారు అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“వదినగారూ, ఈసారి కడుపు నిలబడాలంటే మీ చేతుల్లోనే ఉంది. మావాడు వస్తాడు, చూసి వెళ్తాడు. అంతవరకే. ఆపైన మీ ఇష్టం.”

“అలాగేనండి. మీరు నిశ్చింతగా ఉండండి,” అంది మా అమ్మ.

నన్ను కన్న అమ్మ, నా మీద ప్రాణం పెట్టుకున్న అమ్మ, ఆ రోజు నుంచి నాకు కాపలా మనిషైంది. అల్లుడు ఆదివారాలు బస్సులు మారి వచ్చేవారు. ఆయనకి వసారాలో కుర్చీ. నాకు గడప లోపల పీట. మధ్యలో స్తంభం పట్టుకుని మా అమ్మ.

“అన్నం తింటున్నావా?”

“ఆయ్, తింటున్నానండి.”

“మందులు వేసుకుంటున్నావా?”

“వేసుకుంటున్నానండి.”

అయిపోయేది. ఒక ఆదివారం జంతికల పొట్లం తెచ్చారు. మా అమ్మ మంచినీళ్లకి లోపలికి వెళ్లింది. ఆయన వంగి పొట్లం నా చేతికి ఇస్తుంటే వేళ్లు తగిలాయి. నిప్పు తగిలినట్టు ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. పొట్లం జారి జంతికలన్నీ వసారా నిండా పడ్డాయి. ఆయన మొహం తెల్లబడిపోయింది.

“ఏం కాలేదు కదా? నీకేం కాలేదు కదా?” అన్నారు, మళ్లీ మళ్లీ.

చేతివేళ్లు తగిలితే! ఆయన భోజనం కూడా చెయ్యకుండా బస్సుకి వెళ్లిపోయారు. నేను నేల మీద కూర్చుని జంతికలు ఏరుతూ ఏడ్చాను. ఈసారి అది దుఃఖం కాదు, ఒళ్లు మండి వచ్చిన ఏడుపు. ఒక మనిషిని, అందులోనూ నవ్వుతూ తుళ్లుతూ ఉండే మనిషిని, ఇలా చేసిపెట్టే హక్కు వీళ్లకి ఎవరిచ్చారు?

ఐదో నెలలో మా అమ్మ నన్ను నర్సాపురంలో కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మకి చూపిస్తానంది. ఆ వారం నేనొక అబద్ధం ఆడాను. ‘ఆ డాక్టరమ్మ దగ్గరికి భర్త కూడా రావాలట’ అని ఆయనకి ఉత్తరం రాసి, అదే మాట అమ్మతోనూ చెప్పాను. పెళ్లయ్యాక నేను ఆడిన మొదటి పెద్ద అబద్ధం అది. ఇప్పటికీ దానికి పశ్చాత్తాపం లేదు.

డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, అంతా బాగుందని చెప్పి, “ఇంకేమైనా అడగాలా?” అన్నారు. మా అమ్మ నా పక్కనే ఉంది. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

“అమ్మా, నువ్వు కాస్త బయట కూర్చో,” అన్నాను.

మా అమ్మ నా మొహంలోకి చూసింది. నేను మాట వెనక్కి తీసుకోలేదు. అమ్మ లేచి వెళ్లింది.

“డాక్టరు గారండీ, మొదటి కడుపు మా వల్లే పోయిందన్నారండి. నిజమేనా?”

“మీ వల్ల అంటే?”

తల దించుకుని మా ఆయనే అన్నారు. “నెల తప్పిందని తెలిసి కూడా మేం కలిశామండి. తప్పు నాదే. ఆవిడది కాదు. గుండు చేయించుకుని క్షమించమని మొక్కుకున్నానండి.”

అప్పుడు తెలిసింది నాకు ఆ గుండు ఎందుకో.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. మా కంటే పదేళ్లు పెద్దేమో అంతే. “కూర్చో బాబూ,” అన్నారు. ఆయన కూర్చున్నాక నెమ్మదిగా, ప్రతి మాటా విడివిడిగా చెప్పారు.

“మొదటి మూడు నెలల్లో పోయే కడుపుల్లో చాలావరకు పిండం సరిగ్గా కట్టకపోవడం వల్లే పోతాయి. మీరు చెరో ఊళ్లో ఉన్నా అది నిలిచేది కాదు. మీరు కలవడం వల్ల పోలేదు. ఎవరన్నారో గానీ, తెలియకుండా అన్నారు.”

“మరి బిడ్డకి దెబ్బ తగలదాండి?” అన్నారాయన.

“ఎలా తగులుతుంది? బిడ్డ ఉమ్మనీరు సంచిలో ఉంటుంది. దాని చుట్టూ గట్టి కండతో గర్భసంచి. దాని మూతి బిగుసుకుని, చిక్కటి జిగురుతో మూసుకుపోయి ఉంటుంది. మీరు బిడ్డ దాకా వెళ్లలేరు.” అంటూ కాగితం మీద ఒక బొమ్మ గీసి చూపించారు. బెండకాయంత బొమ్మ. నా ఒంట్లో ఏముందో నాకు ఒకరు బొమ్మ గీసి చూపించడం అదే మొదటిసారి.

తర్వాత ఆవిడ నా వైపు తిరిగారు. “రక్తం కనపడలేదు, నొప్పుల్లేవు, నీరు పోవడం లేదు. నీకిప్పుడు ఏ అడ్డూ లేదు. మీ ఇద్దరికీ ఇష్టమైతే కలవచ్చు. నీకు మనసు లేకపోతే మానెయ్యాలి. నీ మాటే మాట. పొట్ట మీద బరువు పడకూడదు. పొట్ట పెరిగేకొద్దీ పక్కకి తిరిగి పడుకుంటే తేలిగ్గా ఉంటుంది. నొప్పి అనిపిస్తే ఆపెయ్యాలి. తర్వాత కాసేపు పొట్ట బిగిసినట్టు అనిపించవచ్చు, సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, రక్తం కనపడినా, నీరు కారినా వెంటనే ఆసుపత్రికి రావాలి. కొందరికి మాయ కిందికి, గర్భసంచి మూతి మీదకి ఉంటుంది. కొందరికి నెలలు నిండకుండానే నొప్పులొస్తాయి. అలాంటివాళ్లకి వద్దని చెప్తాం. వద్దని చెప్పాల్సింది నేనమ్మా, వీధిలోవాళ్లు కాదు.”

ఇంతే. ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. ఈ ఐదు నిమిషాల మాటలు తెలియక మేం ఏడాదిన్నర నేరస్థుల్లా బతికాం.

బయటికొచ్చి ఆయన ఒక సోడా బండి పక్కన నిలబడి ఏడ్చేశారు. “మనం ఏమీ చెయ్యలేదు. మనం ఏమీ చెయ్యలేదు,” అంటూ. నాకు ఏడుపు రాలేదు. ఆయన మీదే కోపం వచ్చింది.

“గుండు కొట్టించుకుంటూ నన్ను ఒక్క మాట అడిగారాండి? తప్పు చేశామని మీరూ నమ్మేశారు కదా! నేను తెర వెనక పడుకుని ఆ మాట వింటుంటే, కాదండీ అని మీరు ఒక్క మాట అనలేదు.”

“నాకేం తెలుసు? డాక్టరు గారు కదా అన్నది.”

“తెలియకపోతే అడగాలి. అడక్కుండా మంచం ఎత్తుకుని పైకి వెళ్లిపోతారా?”

ఆయన అరచేత్తో కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకీ ఈ ఏడాదిన్నరలో ఒక్కరూ తోడు లేరని. కోపం తగ్గలేదు గానీ, ఆయన చెయ్యి పట్టుకున్నాను. బజారులో, అందరూ చూస్తుండగా. ఈసారి ఆయన వెనక్కి లాక్కోలేదు.

బస్టాండులో అమ్మతో చెప్పాను, నేను మొగల్తూరు రావడం లేదని, తణుకు వెళ్తున్నానని.

“మీ అత్తగారికి మాటిచ్చానే,” అంది అమ్మ భయంగా. “ఆ డాక్టరమ్మ ఏం చెప్పింది అసలు?”

చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, డాక్టరమ్మ వాడిన మాటలతోనే చెప్పాను. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చాల్లే, ఊరుకో. నలుగురూ వింటారు.”

“విననీ అమ్మా. నా మీద నింద వేసినప్పుడూ నలుగురూ విన్నారు.”

తణుకు చేరేసరికి సాయంత్రం నాలుగు. మా అత్తగారు పెరట్లో చాప మీద కూర్చుని, పనివాళ్ల చేత చింతపండు గింజ తీయిస్తున్నారు. మమ్మల్ని ఇద్దర్నీ చూసి లేచారు.

“ఏంటిది? ఇద్దరూ కలిసి వచ్చారేంటి? ఐదో నెలలో బస్సెక్కించుకొచ్చావా దీన్ని?”

లోపలికి పిలిచి చెప్పొచ్చు. కానీ ఆ పెరట్లో ఉన్న ఆడవాళ్లందరికీ ఆవిడే చెప్పారు, నేను ఓర్చుకోలేకపోయానని. అందుకే అక్కడే చెప్పాను. మొదటిది మా వల్ల పోలేదని డాక్టరమ్మ చెప్పారని, ఇప్పుడు కూడా మేం విడిగా ఉండక్కర్లేదన్నారని. గింజలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి.

మా అత్తగారు ఎర్రబడిపోయారు. “ఆ డాక్టరమ్మకి పెళ్లయిందా అసలు? పుస్తకాలు చదివినంత మాత్రాన సరిపోతుందా? మేం కనలేదా పిల్లల్ని?”

అప్పుడు మా ఆయన కొట్టు పైకి వెళ్లారు. కాసేపటికి ఆ నవారు మంచం భుజాన వేసుకుని, బెల్లం కొనడానికి వచ్చిన షావుకార్ల మధ్యలోంచి, మా మావగారి ముందునుంచి కిందికి తెచ్చి మా గది బయట గోడకి నిలబెట్టారు.

“అమ్మా, ఇక నేను పైన పడుకోను,” అన్నారు.

మా అత్తగారు పదిరోజులు నాతో మాట్లాడలేదు. ఆ పది రోజులూ ఇల్లు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్టు రెండు గంటలు మూసేవారు. ఆ వేళ మా గది తలుపులు మేం గడియ పెట్టుకునేవాళ్లం. మొదటి రోజు ఆయన నా పక్కన పడుకుని పొట్ట మీద చెయ్యి వెయ్యడానికే చాలాసేపు పట్టింది. నేనే ఆ చెయ్యి తీసి పెట్టుకున్నాను. లోపల బిడ్డ కదిలింది. ఆయన ఉలిక్కిపడి, తర్వాత నవ్వారు. ఆ నవ్వు విని ఏడాదిన్నర అయింది. ఆ తర్వాత మేం ఎలా ఉన్నామంటే, నాకు మనసైన రోజున కలిశాం, నడుం నొప్పిగా ఉన్న రోజున ఊరికే పక్కపక్కన పడుకుని కబుర్లు చెప్పుకున్నాం. చివరి నెలల్లో నాకు ఒంట్లో బరువుగా ఉండి వద్దన్నాను. ఆయన సరేనన్నారు. ఇందులో దాచుకోవాల్సింది ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.

నెలలు నిండాక మా అమ్మాయి పుట్టింది. పురిటి గదిలో బిడ్డని ఎత్తుకుని మా అత్తగారు అన్న మొదటి మాట, “వీళ్లు ఏం చేసినా దేవుడు కాపాడాడు.” కుట్లు నొప్పి పెడుతున్నా నేను లేచి కూర్చున్నాను. “ఏమీ చెయ్యలేదండి, అత్తయ్యా. మేం కాపురం చేశాం అంతే,” అన్నాను. ఆవిడ విననట్టు బిడ్డ గుడ్డ సర్దారు.

ఎనభైల మధ్యలో మా ఆడపడుచు కడుపుతో ఉంది. మా ఆయనకి చెల్లెలు, మా అత్తగారికి ఒక్కత్తే కూతురు. దాన్ని ఉప్పాడలో చీరల వ్యాపారం చేసేవాళ్లకి ఇచ్చారు. ఏడో నెలలో దానికి రక్తం కనపడి ఆగిందని, అక్కడి డాక్టరుకి చూపించారని, విశ్రాంతి కోసం తణుకు పంపించారు.

“డాక్టరు గారు ఏమన్నారు?” అని అడిగాను.

“మాయ కిందికి ఉందన్నారు వదినా. జాగ్రత్తగా ఉండమన్నారు.”

“జాగ్రత్త అంటే?”

“బిందెలు ఎత్తొద్దని అనుకున్నా.”

దాన్ని గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను. “మీ ఇద్దరూ కలవకూడదని చెప్పలేదా?” అని అడిగాను. అది నా మొహం చూసి బిగుసుకుపోయింది. తర్వాత మెల్లగా చెప్పింది. రక్తం కనపడింది కలిసిన తర్వాతేనట. సిగ్గుపడి డాక్టరుకి చెప్పలేదట. అక్కడినుంచి బయలుదేరే ముందు రోజు కూడా కలిశారట, మళ్లీ కాస్త కనపడిందట. ఆ సంగతి మాలో ఎవరికీ చెప్పలేదు.

ఆ గంటలోనే కారు మాట్లాడి రాజమండ్రిలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరుకి నేనే అంతా చెప్పాను. మగ డాక్టరు. నేను ఏదో అసభ్యంగా మాట్లాడినట్టు చూశారు.

“మాయ కిందికి ఉంటే కలవకూడదని మామూలుగా అందరికీ తెలిసిందే కదమ్మా,” అన్నారు.

“ఎవరు చెప్తే తెలుస్తుందండి?” అన్నాను. “నాకు కలవొచ్చని చెప్పేవాళ్లు లేక ఏడాదిన్నర ఏడ్చాను. దీనికి కలవకూడదని చెప్పేవాళ్లు లేక ఇప్పుడు ప్రాణం మీదకి వచ్చింది. ఆ ఒక్క మాట పలకడానికి మీకెందుకండి అంత బరువు?”

నా గొంతు పెరిగినట్టుంది. నర్సు వచ్చి నా భుజం పట్టుకుంది. మా ఆడపడుచుని నెలరోజులకి పైగా మంచం దిగనివ్వకుండా ఆసుపత్రిలోనే ఉంచి, ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. తల్లీబిడ్డా బతికి బయటపడ్డారు.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం మా అత్తగారు కూతురి పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలిచి పెడుతున్నారు. పలకరించడానికి ఎవరో చుట్టాలావిడ వచ్చింది. ఎందుకిలా జరిగిందని అడిగింది.

“పాపం, చిన్నపిల్ల కదండి,” అన్నారు మా అత్తగారు. “ఎవరూ విడమరిచి చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?”

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. చుట్టాలావిడ వెళ్లేదాకా ఆగాను.

“అత్తయ్యా, నేనప్పుడు దీనికంటే చిన్నదాన్నండి. నాకెవరు చెప్పారు?”

ఆవిడ నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న తొన కూతురి నోట్లో పెట్టి, పళ్లెం తీసుకుని చెయ్యి కడుక్కోవడానికి బయటికి వెళ్లారు. మా ఆడపడుచు మంచం మీద నుంచే నా చీర కొంగు పట్టుకుంది. “నీకేం జరిగింది వదినా?” అని అడిగింది. దానికి తెలియదు. అప్పట్లో అది స్కూల్లో చదువుకుంటోంది. నేను స్టూలు దగ్గరికి లాక్కుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.